మిద్దె మీద ఛత్రీ, అత్తమ్మ గుప్పిట్లో అక్షింతలు

మా ఆయనకు చెవులు మందగిస్తున్న సంగతి నాకు మొదట తెలిపింది పూజగంట. ఒక శుక్రవారం హారతి ఇస్తూ గంట వాయించాను. గంట మోగగానే కళ్లు తెరిచి హారతికి చేతులు చాచే మనిషి, ఆ రోజు కళ్లు మూసుకుని అలాగే నిలబడిపోయాడు. భక్తి పెరిగిందనుకుని సంతోషించాను. తర్వాతి శుక్రవారం కూడా అంతే. అప్పుడు అనుమానం వచ్చి గంటను చెవి పక్కకు తీసుకెళ్లి వాయించాను. ఉలిక్కిపడి, "ఏందే, గుళ్లె ఉన్నమా ఇంట్ల ఉన్నమా?" అన్నాడు.

మేముండేది సూరత్‌లో, లింబాయత్ సందుల్లో ఒక ఇంటి పై వాటాలో. మా నెత్తి మీద డాబా, దాని మీద ఆకాశం. ఇంట్లో ముగ్గురం: మా ఆయన, ఆయన తల్లి అంటే మా అత్తమ్మ, నేను. ఆయన పని మరమగ్గాల కార్ఖానాలో. ఉత్తర తెలంగాణ నుంచి వచ్చిన మావాళ్లు ఆ మగ్గాలను సాంచాలంటారు. పన్నెండు గంటలు వాటి మధ్య నిలబడాలి. ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు కాబట్టి చేతులతో మాట్లాడుకుంటారు. అరచేయి అడ్డంగా ఊపితే మెల్లగా అని. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. గుప్పిట బిగించి చూపిస్తే ఆపమని, పట్టుకోమని. పెళ్లయిన కొత్తలో ఈ సైగలన్నీ నాకు ఆటగా నేర్పాడు. అవి ఒకరోజు ఇంటికి పనికొస్తాయని అప్పుడు ఇద్దరమూ అనుకోలేదు.

పెద్దాసుపత్రిలో తెలుగు డాక్టరమ్మ ఒకామె ఉందని తెలిసి తీసుకెళ్లాను. ఆమె చల్లగా ఉండాలి. గాజు గదిలో కూర్చోబెట్టి రకరకాల శబ్దాలు వినిపించి, చివరికి మా ఇద్దరికీ అర్థమయ్యేలా చెప్పింది: "పోయిన వినికిడి తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి." మగ్గాల దగ్గర చెవుల్లో పెట్టుకోమని పసుపుపచ్చని మెత్తటి బిరడాలు రెండు జతలు ఇచ్చింది.

వాటిని ఆయన బనీను జేబులో పెట్టుకుని వెళ్లేవాడు, జేబులోనే తెచ్చేవాడు.

"ఎందుకు పెట్టుకోవు?" అంటే, "బిరడలు పెడితే సాంచె మాట ఇనరాదు. పోగు తెగింది కంటికన్నా ముందు చెవికే తెలుస్తది. నీకేమెరుక?" అనేవాడు. ఇంకో కారణం కూడా ఉంది, అది తోటివాళ్ల నోట విన్నాను. "ఏం భై, ఆడపిల్ల లెక్క కమ్మలు పెట్టుకున్నవా?" అని ఎవరో నవ్వారట.

అత్తమ్మ ఇవన్నీ వింటూ ఉండేది. ఆమెకు మోకాళ్ల నొప్పి. మంచానికీ టీవీకీ మధ్య ఆమె లోకం. ప్రభుత్వం వాళ్ల తెలుగు ఛానెల్‌లో, దీపావళి మరునాటి నుంచి రోజూ నాలుగు గంటలకు ఒక మండలం పాటు పురాణం చెప్తారని ప్రకటన వచ్చింది. అది చూసి ఆమె కొడుకును పిలిచింది.

"నీ చెవుల కోసం ఈ పురాణం మొత్తం ఇంటానని మొక్కుకుంట. నువ్వు మాత్రం బిరడలు పెట్టుకోవాలె."

ఆయన నవ్వాడు. "సరే అవ్వా. ఒక్కరోజు తప్పకుండ నువ్విను. పురాణం అయిపోయేదాక నేను పెట్టుకుంట. నువ్వు తప్పినవో, తీసి పారేస్త. అయిపోయినంక గూడ తీసేస్త. ఒప్పుకుంటవా?"

"నా కొడుకు చెవులకు నా చెవులు జామీను. ఒప్పుకున్న."

ఆయన ధైర్యం ఏమిటంటే, సాయంత్రం నాలుగింటికి అవ్వ ఎప్పుడూ కునుకు తీస్తుంది. ఆ ఒక్క ధైర్యం చాలదన్నట్టు దేవుడు ఇంకొకటి కూడా ఇచ్చాడు. దీపావళి పది రోజులుందనగా కేబుల్‌లో తెలుగు ఛానెల్ మాయమైంది. సందు చివర కేబుల్ నడిపే మనిషిని పిలిపించాను. గుమ్మంలోనే నిలబడి, "మాసీ, వో బంద్ హో గయా. చార్ ఘర్ కే లియే కౌన్ చలాయే?" అన్నాడు, నాలుగిళ్ల కోసం ఎవరు నడుపుతారని.

"గా నాలుగిళ్లల్ల నేనొక్కదాన్ని లేనా?" అని అత్తమ్మ లోపలినుంచి తెలుగులోనే అరిచింది. అతనికి మాట అర్థం కాకపోయినా గొంతు అర్థమైనట్టుంది. మెట్లు గబగబా దిగిపోయాడు.

మా ఆయన ముఖం బిగబట్టుకుని, "దేవుడే బంద్ పెట్టిండు. నేనేం జేయాలె?" అన్నాడు.

మరునాడు డాబా మీద చింతపండు ఎండబెడుతూ చుట్టూ చూశాను. ఎన్ని ఏళ్లుగానో చూస్తున్న కప్పులే, కానీ ఆ రోజు మొదటిసారి ఛత్రీలు కనబడ్డాయి. ఇక్కడ డిష్‌ను ఛత్రీ అంటారు, బోర్లించిన గొడుగులా ఉంటుంది కదా. కొన్ని ఒకవైపు చూస్తున్నాయి, కొన్ని ఇంకోవైపు. అందరి ఆకాశం ఒకటే అయినప్పుడు చూపులు రెండెందుకయ్యాయి? ఆ ప్రశ్న పొయ్యి దగ్గరా వదల్లేదు, జపం దగ్గరా వదల్లేదు. జపమాల పట్టుకుని ఛత్రీల గురించి ఆలోచించినందుకు దేవుడికి క్షమాపణ చెప్పుకుని, షేర్ ఆటో ఎక్కి ఖటోదరా వైపు ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణానికి వెళ్లాను.

దుకాణదారు గుజరాతీ పెద్దమనిషి. ఓపిక ఎక్కువ. నెలనెలా కట్టే పని లేని ఛత్రీ ఒకటుందని, అందులో ప్రభుత్వం వాళ్ల ఛానెళ్లు అన్ని భాషల్లో వస్తాయని, తెలుగు కూడా ఉందని చెప్పాడు. చూపులు రెండెందుకని అడిగాను. పైన ఉపగ్రహాలు చాలా ఉన్నాయి బెన్, ఎవరిది వాళ్లకే అన్నాడు. బెన్ అంటే ఇక్కడ అక్కా అని. వాన వస్తే? గట్టి వానైతే కాసేపు ఆగుతుంది. పిట్ట వాలితే? ఆయన నవ్వేశాడు. "ఇన్నేళ్లలో పిట్ట గురించి అడిగింది మీరే బెన్," అని హిందీలో అంటూ, ఛత్రీ ముందు కర్ర చివర ముక్కులా ఉన్న భాగాన్ని వేలితో తట్టాడు. ఆకాశం నుంచి వచ్చిందంతా పళ్లెంలో పడి ఈ ముక్కులోకి చేరుతుంది, దీనికి ఏదీ అడ్డం రాకూడదు, అంతే. ఆ మాట శ్రద్ధగా విన్నాను. శ్రద్ధగా విన్నవి కూడా మరిచిపోతామని తర్వాత తెలిసింది.

పెట్టెకు పక్కన ఒక చిన్న కన్నం ఉంది. అందులో పెన్‌డ్రైవ్ పెడితే వస్తున్న కార్యక్రమం రికార్డు అవుతుందట, మళ్లీ చూసుకోవచ్చట. అత్తమ్మ కునుకు గుర్తొచ్చింది. అది కూడా తీసుకున్నాను.

ఛత్రీని ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చుంటే ఎదుటి ఆవిడ, "ఇంత పెద్ద పళ్లెం ఎవరి పెళ్లికి?" అని అడిగింది.

బిగించే మెకానిక్ దీపావళికి ఊరెళ్లాడు. పండుగకు సాంచాలు కూడా మూతబడతాయి కాబట్టి మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. ఆ ఛత్రీ పనిచేయకపోతేనే ఆయనకు లాభం. ఆ మాట ఆయనకూ తెలుసు. కానీ చేతికి పానా అందాక వదులుగా ఉన్న బోల్టును అలా వదిలేయడం ఆయన వల్ల కాదు. "నేనేం నీ పురాణం కోసం చేస్తలేను. పని సక్కగ లేకపోతే నాకు నిద్ర పట్టది," అంటూనే పైకెళ్లాడు.

చిక్కేమిటంటే టీవీ కింద, ఛత్రీ పైన. తెర మీద రెండు గీతలు కనిపిస్తాయి. ఒకటి సిగ్నల్ బలం, ఇంకోటి నాణ్యత. ఛత్రీ కొంచెం కదిపినప్పుడల్లా ఆ గీతలు ఏమయ్యాయో పైవాడికి చెప్పాలి. నేను అరిస్తే ఆయనకు వినబడదు. సందులో వాళ్లందరికీ వినబడుతుంది. అందుకని అత్తమ్మ టీవీ ముందు కూర్చుంది, నేను మెట్ల మధ్యలో నిలబడ్డాను, ఆయన డాబా గోడ దగ్గర నుంచి నా చేతులు చూడసాగాడు. కార్ఖానా భాష మా ఇంటి మెట్ల మీదికి వచ్చింది.

మొదట పక్కింటి ఛత్రీని చూసి అటే తిప్పాడు. "ఒకటి నిండింది, ఇంకోటి ఖాళీ!" అని అత్తమ్మ అరిచింది. బలం ఉంది, నాణ్యత లేదు. నేను రెండు వేళ్లు కత్తెరలా ఆడించాను. పోగు తెగింది. పక్కింటిది వేరే కంపెనీ ఛత్రీ, దాని ఉపగ్రహం వేరు. దుకాణదారుకు ఫోన్ చేస్తే, తూర్పుకూ దక్షిణానికీ నడుమ పెట్టండి బెన్ అన్నాడు.

"ఆగ్నేయం," అన్నాను.

"పొయ్యి మూల," అన్నది అత్తమ్మ. ఆమెకు దిక్కులన్నీ ఇంట్లో వస్తువుల పేర్లతోనే తెలుసు.

ఆయన పైన అటు తిరిగి నిలబడ్డాడు. చాలాసేపు కదలలేదు. నేను పైకెళ్లి ఏమైందని అడిగితే, "మన ఊరు గూడ ఇటే గదనే," అన్నాడు. నిజమే. రైలు ఎక్కినప్పుడు మేం పోయేది అటే. రోజూ బట్టలారేసే డాబా మీద మా ఊరు ఎటుందో ఇన్నేళ్లలో ఒక్కసారీ వెతుక్కోలేదు. ఒక టీవీ పెట్టె వెతికించింది.

ఒక వేలెడు తిప్పడం, నా చేయి చూడడం. అరచేయి అడ్డంగా ఊపాను, మెల్లగా. మళ్లీ వేలెడు. "పసుపైంది!" అన్నది అత్తమ్మ. ఇంకో సగం వేలు. "పచ్చగైంది, పచ్చగైంది! పట్టుకోమను కొడుకును!" నేను గుప్పిట బిగించి పైకెత్తాను. ఆయన ఛత్రీని రెండు చేతులతో పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు, సాంచె ఆపినట్టు.

అన్నిటికన్నా నాకు వింత అనిపించింది ఒకటుంది. చూస్తే ఆ ఛత్రీ ఎదుటింటి గోడకేసి చూస్తున్నట్టే ఉంటుంది. నిజానికి అది చూసేది అంతకన్నా చాలా పైకి. దాని వంపు అలాంటిదని దుకాణదారు చెప్పాడు. తల దించుకుని దండం పెట్టుకునేవాళ్లు గుర్తొచ్చారు నాకు. వాళ్ల చూపు నేల మీదే ఉంటుంది, మనసు ఎక్కడికి పోతుందో మనకు తెలియదు.

కార్తీకం మొదటి రోజు నాలుగింటికి టీవీ ముందు దీపం వెలిగించాం. అత్తమ్మ కుడిచేతి గుప్పిట్లో అక్షింతలు పట్టుకుంది. వ్రత కథ వినేటప్పుడు పట్టుకుంటాం కదా, కథ అయ్యాక నెత్తిన వేసుకుంటాం. కథ పూర్తయ్యేదాకా గుప్పిట తెరవకూడదు. పెట్టె మీద ఎర్ర చుక్క వెలిగింది, రికార్డు అవుతోందని గుర్తు.

నాలుగో రోజు చప్పుడైంది. టపటపమని గింజలు గచ్చు మీద పడ్డాయి. చూస్తే అత్తమ్మ తల పక్కకు వాలి ఉంది.

మా ఆయన మంచం మీద లేచి కూర్చుని చప్పట్లు కొట్టాడు. "అయిపోయింది! అవ్వ పండుకున్నది! మొక్కు తప్పింది!"

"నేను పండుకోలే. కండ్లు మూసుకుని ఇంటున్న."

"మరి గింజలెందుకు పడ్డయి?"

"అవి పడ్డయి. నేను పడలే."

అప్పుడు నేను పెట్టె దగ్గరికెళ్లాను. గింజలు పడ్డప్పుడు పురాణం చెప్పే ఆయన ఏ మాట మీద ఉన్నాడో నాకు గుర్తుంది. వెనక్కి తిప్పి ఆ మాట దగ్గర ఆపాను. అక్షింతలు ఏరి అత్తమ్మ గుప్పిట్లో పోశాను. ఆ మాట నుంచి ఆమె మళ్లీ విన్నది. మా ఆయన పెట్టెకేసి, నాకేసి, మళ్లీ పెట్టెకేసి చూశాడు. ఆ ఛత్రీ బోల్టులు తానే బిగించినందుకు అప్పుడు బాధపడ్డాడనుకుంటాను.

అప్పటి నుంచి అదే లెక్క. గింజలు రాలితే ఎక్కడ రాలాయో అక్కడికి వెనక్కి. ఒక్కో రోజు మూడుసార్లు కూడా ఏరాను. దీపావళి అయిన ఐదో రోజు వచ్చే లాభ పంచమి దాటి సాంచాలు మొదలైన రోజున ఆయన మాట మీద నిలబడి, మా ముందే బిరడాలు చెవుల్లో పెట్టుకుని వెళ్లాడు.

కానీ నాకు ఒక సందేహం పట్టుకుంది. నిన్న చెప్పిన మాటను ఇవాళ వింటే విన్నట్టేనా? చెప్పినాయన ఆ సమయానికి ఎక్కడో భోజనం చేస్తూ ఉంటాడు. ఆయన "శుభమస్తు" అన్నది ఆ క్షణంలో వింటున్నవాళ్లకా, పెట్టెలో దాచుకుని విన్న మాకు కూడానా? అత్తమ్మను అడిగాను.

"నిన్న తోడేసిన పెరుగు ఇయ్యాల తింటె పెరుగు కాదా?" అన్నది.

బాగుంది కానీ నా మనసు నిలవలేదు. నిలబెట్టింది మా నాన్న జ్ఞాపకం. నేను బడికి వెళ్లలేదు. మా అమ్మతో కూర్చుని బీడీలు చుట్టేదాన్ని. సాయంత్రం నాన్న బీడీల చాటలో తంబాకు పొడిని చదునుగా సర్ది, అందులో వేలితో అక్షరాలు రాసేవాడు. దిద్ది చెరిపితే మళ్లీ పలక తయారు. అక్షరాలు వచ్చాక ఇంట్లో ఉన్న ఒకే ఒక పాత పురాణం పుస్తకం నా చేతికిచ్చి, బీడీలు చుట్టే ఆడవాళ్లందరికీ గట్టిగా చదవమనేవాడు. మధ్యలో ఎవరైనా వస్తే, "రెండు పుటలు ఎనుకకు పో బిడ్డా, అక్క ఇనలే," అనేవాడు. నేను వెనక్కి తిప్పి మళ్లీ చదివేదాన్ని. పుస్తకంలో వెనక్కి తిప్పితే తగ్గని పుణ్యం పెట్టెలో తిప్పితే ఎందుకు తగ్గాలి? పుస్తకం రాసినాయన కూడా నేను చదివే వేళకు నా ముందు లేడు కదా. ఆ రాత్రి దీపం దగ్గర నాన్నకు దండం పెట్టుకున్నాను. బడి పంపలేనందుకు ఆయన చివరిదాకా నొచ్చుకున్నాడు. తంబాకు వాసన వేసే ఆ చదువు ఎంతదూరం వచ్చిందో ఆయనకు తెలిస్తే బాగుండునని అనిపించింది.

ఇరవై రోజులయ్యాక ఒక సాయంత్రం అన్నం తింటూ మా ఆయన తనంతట తానే చెప్పాడు. "చెవుల కీచురాయి జర చిన్నగైంది." ఎప్పుడూ ఏదో కీచుమంటూ ఉంటుందని ఆయన అంతకు ముందు మాకు చెప్పలేదు. ఇప్పుడు తగ్గాక చెప్పాడు. పోగు తెగితే ఎట్లా తెలుస్తోందని అడిగాను. సాంచె చట్రం మీద చేయి పెడితే తెలుస్తుందట. చెవికి ఎరుకైన పని చేయి నేర్చుకున్నదట.

"మరి వాళ్లు నవ్వుతలేరా?"

"మా అవ్వ మొక్కు అని చెప్పిన. అవ్వ మొక్కు మీద ఎవడు నవ్వుతడు?"

"అయితే ఇట్లనే పెట్టుకోరాదు?"

"మొక్కు అయిపోయినంక ఏం చెప్పాలె వాళ్లకు? మాట మాటే. అయిపోయిన తెల్లారే తీసేస్త."

అలా చివరి రోజు వచ్చింది. నాకు లోపల ఒకటే కృతజ్ఞత. డాక్టరమ్మకు, దుకాణదారుకు, ఆకాశానికి, అన్నిటికన్నా ఆ ఛత్రీకి. మావాళ్లు దసరాకు సాంచాలు కడిగి బొట్టు పెట్టి దండ వేస్తారు. అన్నం పెట్టేదానికి దండం పెట్టడం మాకు అలవాటు. ఈ ఛత్రీ మండలం రోజులు మా అత్తమ్మకు పురాణం పెట్టింది, దానికి మాత్రం ఏమీ చేయలేదే అనిపించింది. మూడు దాటాక పైకెళ్లి ఛత్రీని తడిగుడ్డతో తుడిచాను. అంచున పసుపు రాసి కుంకుమ పెట్టాను. నీళ్లు చిలకరించిన నిండు బంతిపూల దండ తెచ్చి దాని పై అంచుకు వేశాను. ఎంత కళగా ఉందో! దండం పెట్టుకుని కిందికొచ్చి దీపం వెలిగించాను.

పురాణం చివరి అధ్యాయంలోకి వెళ్లింది. అత్తమ్మ ఆ రోజు ఒక్క కునుకు తీయలేదు. గుప్పిట బిగించి ముందుకు వంగి కూర్చుంది. ఇంక పది నిమిషాల్లో ముగుస్తుందనగా చెప్పే ఆయన ముఖం చదరాలు చదరాలుగా విరిగింది. మాట సగంలో తెగింది. తెర నల్లబడింది.

వైరు కదిపాను. పెట్టె ఆపి మళ్లీ వేశాను. ఎర్ర చుక్క ఆరిపోయింది. రెండో గీత పూర్తిగా ఖాళీ. అప్పుడు దుకాణదారు మాట గుర్తొచ్చింది. ముక్కుకు ఏదీ అడ్డం రాకూడదు బెన్. మెట్లన్నీ ఎలా ఎక్కానో తెలియదు. గాలికి దండ అంచు మీద నుంచి జారి, నేరుగా ఆ ముక్కు మీద పడి, దాన్ని నిండా కప్పేసి ఉంది. ఊడలాగాను. కిందికొచ్చేసరికి తెరమీద బొమ్మ వచ్చింది. పురాణం అయిపోయి పంటల కార్యక్రమం నడుస్తోంది. ఎవరో వంగ తోట చూపిస్తున్నారు.

"అత్తమ్మా, నేనేసిన దండే," అన్నాను. ఏడుపొచ్చింది.

"దండం పెట్టినవు గద, తిట్టలే గద. పోనీ," అన్నది ఆమె. కానీ గుప్పిట తెరవలేదు. కథ పూర్తిగా వినకుండా అక్షింతలు నెత్తిన వేసుకోకూడదు. చాయ్ ఇస్తే ఎడమచేత్తో తాగింది. చీకటి పడినా ఆ చేయి ఒళ్లో అలాగే ఉంది.

ఏడు దాటాక మా ఆయన వచ్చాడు. చెవుల్లోంచి బిరడాలు తీస్తూ గుమ్మంలో నిలబడి, "అయిపోయిందా?" అన్నాడు. అత్తమ్మ గుప్పిట పైకెత్తి చూపించింది.

"ఏందవ్వా, సాంచె ఆపుమంటున్నవా?"

"కథ తెగింది కొడుకా."

జరిగింది చెప్పాను. ఆయన నవ్వలేదు. నవ్వుతాడనుకున్నాను. మంచం మీద కూర్చుని, "అయితే మొక్కు తప్పినట్టా, అయిపోయినట్టా?" అన్నాడు.

"తప్పలే," అన్నది అత్తమ్మ. "నేను లేవలే. గుప్పిట ఇప్పలే. ఇంకా ఇంటనే ఉన్న. అయిపోలే గూడ. చివరి ముచ్చట ఇనకుంటె ఎట్ల అయిపోతది?"

ఆయన నావైపు తిరిగాడు. "నీకు ఆ కథ ఎరుకే గద. మీ నాయిన సదివించిండు గద. ఆ పది నిమిషాలది నువ్వే చెప్పు. అవ్వ గింజలు నెత్తిన ఏసుకుంటది, అయిపోతది."

నిజమే. ఆ చివరి అధ్యాయం నాకు నిద్రలో లేపినా వస్తుంది. బీడీలు చుట్టే చేతులన్నీ ఆగి వినే అధ్యాయం అది. చెప్తే పుణ్యం కూడా. నోరు తెరిచాను. ఆయన అరచేతిలో ఆ పసుపుపచ్చని బిరడాలు కనిపించాయి. అవి చెమటకు రంగు మారి, చెవి ఆకారానికి ఒదిగిపోయి ఉన్నాయి.

"నాకు యాదికి లేదు," అన్నాను.

పెళ్లయ్యాక ఆయనకు నేను చెప్పిన అబద్ధం అదొక్కటే అని చెప్పను కానీ, దీపం ముందు చెప్పింది మాత్రం అదొక్కటే. వినికిడి తగ్గినవాళ్లకు ముఖాలు చదవడం బాగా వస్తుంది. ఆయన నా ముఖం కాసేపు చూసి, లేచి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు.

అత్తమ్మ కూడా చూసింది. గుప్పిట తెరిచి అక్షింతలను నెత్తిన వేసుకోకుండా, ఒక్కటి కింద పడకుండా కుంకుమ భరిణలో పోసి మూత పెట్టింది. "పిల్లా, రేపు నాలుగింటికి మొదటి రోజుది పెట్టు. అన్నీ పెట్టెల ఉన్నయి గద. మళ్లీ మొదటికెళ్లి ఇంటుంటె నీకు యాదికొస్తదేమో," అన్నది.

మరునాడు పొద్దున ఆయన బిరడాలు పెట్టుకునే వెళ్లాడు.

అలా రెండో చుట్టు మొదలైంది. నాలుగింటికి దీపం, గుప్పిట్లో గింజలు, పెన్‌డ్రైవ్‌లో దాచిన కార్తీకం. అవే మాటలు కదా, అత్తమ్మ ఇంక నిద్రపోతుందనుకుంటే, తెలిసిన కథ కావడంతో ముందే చెప్పేస్తూ మెలకువగా ఉంటోంది.

ఆ వారమే తెర కింద అక్షరాలు పరుగెత్తాయి: ప్రేక్షకుల కోరిక మీద పురాణం చివరి భాగం ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మళ్లీ ప్రసారమవుతుందని. మా ఆయన అన్నం తింటూ నెమ్మదిగా లోలోపలే కూడబలుక్కుని చదివాడు. నేను చదివేసి, చదవనట్టు మజ్జిగ పోశాను. అత్తమ్మకు చదువు రాదు కాబట్టి ఎవరమూ ఏమీ అనలేదు. కానీ అబద్ధం ఒకటైంది, మౌనం రెండోది కాకూడదని నాకు అనిపించింది. చేయి కడుక్కున్నాక అత్తమ్మకు చెప్పేశాను. ఆమె "మంచిదే," అని ఊరుకుంది. కొడుకు వైపు చూడలేదు.

శనివారం సాయంత్రం ఆయన పని నుంచి వచ్చాడు. చేతిలో ఆకుల పొట్లం. అందుకుంటే బరువుగా, తడిగా ఉంది. విప్పితే బంతిపూల దండ, నేను వేసినదానికన్నా లావుది.

"ఏందిది?"

"ఛత్రీకి," అన్నాడు. ఎటో చూస్తూ, గొంతు తగ్గించడానికి ప్రయత్నించాడు. చెవులు మందగించినవాళ్ల గుసగుస ఎంత గట్టిగా ఉంటుందో మీకు తెలుసు. "పొద్దున ఎనిమిదింటికే ఎయ్యి. మంచిగ తడుపు. బరువుంటేనే జారుతది."

లోపలి నుంచి అత్తమ్మ, "ఏమంటున్నడే?" అన్నది.

"ఏం లేదు అత్తమ్మా. పూలు తెచ్చిండు."

"పూజకేనా?"

"పూజకే," అన్నాను. అది అబద్ధం కాదు. ఆదివారం పొద్దున స్నానం చేసి, దండ మీద ఇంకో చెంబెడు నీళ్లు పోసి, పసుపు కుంకుమ పళ్లెం పట్టుకుని డాబా మెట్లెక్కాను.